మూడు కర్రల వాకిలి

తిరపాలుకు గురువు మీద ఉన్న కోపమల్లా ఒక్కటే. అంకయ్య ప్రతి చేను గట్టు దగ్గరా ఆగి కేకేస్తాడు.

"ఎవరయ్యా చేలో? ఎలుకలోళ్ళం వచ్చుండాం. దిగమంటారా?"

చేలో మనిషి ఉంటే సరే. లేకపోయినా అదే కేక. జవాబు రాకపోతే కాసేపు నిలబడి మళ్ళీ ఓ కేక. అప్పటికీ ఎవరూ పలక్కపోతే గడ్డపార భుజాన వేసుకుని పక్క చేను దారి పడతాడు. కళ్ళెదుట కలుగు మూతికి పచ్చిమట్టి పెట్టి ఉంటుంది. లోపల ఎలుక ఉందనడానికి అదే గుర్తు. అయినా సరే, దిగడు.

ఎలుకలు పట్టడం ఒక విద్య అంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వినవాణ్ణే. నెల్లూరు వైపు ఒక ఊళ్ళో బడిపంతులుగా ఉన్న రోజుల్లో అంకయ్యను చూశాకే నా నవ్వు ఆగింది. ఆ ఊరి కాలవ గట్టున పదకొండు గుడిసెలు ఉండేవి, యానాదులవి. వాళ్ళలో పెద్ద అంకయ్య. గట్టుకు చెవి ఆనించి లోపల ఎన్ని దారులున్నాయో చెప్పేవాడు. ఒక్క దారి వదిలి మిగతావి మట్టితో మూసి, ఆ ఒక్క మూతికి పొగకుండ ఆనించి, కుండ అడుగున ఉన్న చిల్లులో నుంచి ఊదితే, ఎలుక ఏ పక్క నుంచి మట్టి తోసుకొస్తుందో ముందే అక్కడ చెయ్యి పెట్టి ఉంచేవాడు.

పట్టిన ఎలుకలు వాళ్ళకు కూర. కలుగులో ఎలుక దాచుకున్న వరివెన్నులు వాళ్ళకు బువ్వ. చేను ఆసామిది, కలుగులోది పట్టినవాళ్ళది. ఎవరు ఎప్పుడు పెట్టిన కట్టుబాటో గానీ ఆ ఊళ్ళో దాన్ని కాదన్నవాళ్ళు లేరు. పుష్యం, మాఘం, ఫాల్గుణం, ఆ మూణ్ణెల్ల గింజలే పదకొండు గుడిసెల్నీ వానాకాలం దాకా లాక్కొచ్చేవి.

తిరపాలు సముద్రం వైపు నుంచి ఆ గుడిసెలకు అల్లుడుగా వచ్చాడు. పెళ్ళాం చెంగమ్మ. ఆమెకు అంకయ్య పెదనాయన వరస, ఇతనికి మామ. మూడేళ్ళు అంకయ్య వెంట తిరిగి పని నేర్చుకున్నాడు. ఎట్లా నేర్చుకున్నాడంటే, గురువు పది పట్టేలోపు శిష్యుడు పదిహేను పట్టేవాడు. పట్టి ఊరుకుంటాడా! ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు గుర్తుచేసేవాడు.

"మామా, నీకు కేకలెక్కువ, ఎలుకలు తక్కువ" అనేవాడు.

"అవునబ్బయ్యా" అనేవాడు అంకయ్య.

"ఎలుక ఎవురికి శత్రువు? ఆసామికి. ఆయన శత్రువుని మనం పడతుండాం. మంచి చేసేదానికి గూడా అడగాల్నా?"

"పద పద, ఎండెక్కతా ఉంది" అనేవాడు అంకయ్య. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ ఏడు మాఘమాసంలో కామాక్షమ్మ చేను దగ్గర వచ్చింది తంటా. కామాక్షమ్మకు కాలవ పక్కనే ఐదెకరాలు. మొగుడు పోయాక సేద్యం తనే చేయించుకునేది. నోరు గట్టిది గానీ పెట్టే చెయ్యి. వరిచేను ఈని, గింజ పాలు పోసుకుంటోంది. గట్టు నిండా కలుగులే. ఆమె చెల్లెలి ఊరు వెళ్ళింది. అంకయ్య మూడు రోజులు వరసగా వచ్చి గట్టు మీద నిలబడి కేకేశాడు. జవాబు లేదు. మూడు రోజులూ వెనక్కు తిరిగాడు.

మూడో రోజు దారి పొడుగునా తిరపాలు పళ్ళు నూరుకున్నాడు. చెంగమ్మకు ఐదో నెల. ఇంట్లో కుండ అడుగు కనబడుతోంది. ఎదురుగా గట్టు నిండా తిండి పెట్టుకుని, మనిషి లేని చేనుకు కేకలేసి రావడమేమిటి!

నాలుగో రోజు తెల్లారగానే ఒక్కడే పోయాడు. కేకెయ్యలేదు, దిగాడు. ముప్పై ఎలుకలు, గంపెడు వెన్నులు. అంత వేట అంకయ్య కూడా ఎప్పుడూ తేలేదు. అయితే ఒకటి. అంకయ్య వెంట ఉంటే, తవ్విన గట్టును పూడ్చి, లోపలి దారులన్నీ గడ్డలు కూరి, తడిమట్టి మెత్తి, అరచేత్తో తట్టి తట్టి, ముందెట్లా ఉందో అట్లా చేసిగానీ లేవనిచ్చేవాడు కాదు. ఆరోజు తట్టించేవాళ్ళు లేరు. ఎవరన్నా చూస్తారేమోనన్న బెదురూ ఉంది. మట్టి ఇంత తోసి, కాలితో రెండు తొక్కులు తొక్కి వచ్చేశాడు.

ఆరోజే కామాక్షమ్మ చేనుకు కాలవ నీళ్ళ వంతు. పొద్దెక్కాక ఆమె మనుషులు పెట్టిన నీళ్ళు సాయంత్రానికి, తవ్విన చోట పడ్డ గండిలో నుంచి మురుగుకాలవలోకి పోయాయి. మళ్ళీ వంతు ఎనిమిది రోజులకు. పాలు పోసుకునే చేను అన్నాళ్ళు ఎండితే గింజ తాలు పోతుంది.

మర్నాడు కామాక్షమ్మ ఊరినుంచి దిగీ దిగంగానే చేను చూసుకుని, గంపతో పోతున్న తిరపాలును ఎవరో చూశారని విని, నేరుగా గుడిసెల దగ్గరకు వచ్చింది. తిరపాలు గుడిసె ముందు మూడు కర్రలు పాతి తాడు కట్టి ఉంటాయి. వాకిలి అంటే అదే. మేకలు రాకుండా కట్టుకున్నారు, అంతకంటే ఏమీ లేదు. ఆమె తాడు దాటుకుని లోపలికి పోయింది. చెంగమ్మ అప్పుడే నీళ్ళు పోసుకుని తడిచీరతో ఉంది. గభాల్న మూలకు ఒదిగింది. కామాక్షమ్మ ఆమెను చూడనుకూడా లేదు. గంప బోర్లించింది, వెన్నులు చూసింది.

బయటికొచ్చి అంకయ్య ఎదుట నిలబడింది.

"ముప్పై ఏళ్ళు నా గట్టు మీద నీ కేక విన్నా అంకయ్యా. నేను ఊళ్ళో లేకపోయినా నువ్వు దిగవని నిబ్బరంగా ఉండేదాన్ని. ఇంక మీవాళ్ళెవురూ నా చేల దిక్కు రాబాకండి."

అంకయ్య తల వంచుకున్నాడు. ఆమె వెళ్ళిపోయింది. సాయంత్రానికి కాలవ కింద ఆసాములందరూ అదే మాట అన్నారు. పదకొండు గుడిసెలకూ ఆ ఏటి గింజలు పోయినట్టే. ఆడవాళ్ళు చెంగమ్మతో మాట్లాడటం మానేశారు. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంది.

అంకయ్య శిష్యుణ్ణి అడిగాడు. "కేకేసినావా?"

"ఎయ్యలా."

"ఎందుకెయ్యలా?"

తిరపాలుకు గుండెల్లో ఉన్నదంతా ఒక్కసారిగా పొంగింది.

"ఎందుకెయ్యాల మామా? ఇందాక ఆమె నా కొంపలోకి వచ్చిందే, కేకేసిందా? నా పెళ్ళాం తడిచీరతో ఉంటే ఆగిందా? పోలీసోళ్ళు వస్తే కర్రతో కుండలు తిరగేస్తారు. ఓట్లోళ్ళు వస్తే మంచమెక్కి కూకుంటారు. ఎవుడన్నా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, 'తిరపాలూ, రావచ్చునా' అన్నాడా? మన హద్దు ఎవురికీ హద్దు గాదు. వాళ్ళ హద్దులకి మాత్రం మనం మొక్కాల!"

గుడిసెల వాళ్ళంతా వింటున్నారు. అంకయ్య ఆ మూడు కర్రల వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

"అవునబ్బయ్యా, ఎవురూ అడగలా" అన్నాడు. "నేను గూడా అడగలా."

చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అంకయ్య తిరపాలు గుడిసెకు వచ్చాడు. రోజూ వచ్చేవాడే. తాడు దాటి, పొయ్యి పక్కన కూర్చుని, గంజి ఉంటే తాగిపోయేవాడు. ఆరోజు మాత్రం కర్రల అవతలే ఆగాడు.

"ఎవరయ్యా ఇంట్లో? అంకయ్యని వచ్చుండా. రమ్మంటారా?"

చెంగమ్మ నవ్వింది. ముందురోజు ఏడుపు తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే.

"ఏంది పెదనాయనా, ఈ కొత్త ఏషాలు? రా!"

"ఇంటాయన చెప్పాలమ్మా" అన్నాడు అంకయ్య.

తిరపాలుకు ఒళ్ళు మండింది. ముసలాడు వెక్కిరిస్తున్నాడనుకున్నాడు. గోడకు తిరిగి పడుకున్నాడు, పలకలేదు. అంకయ్య కాసేపు నిలబడి, ఇంకో కేక వేసి, మరి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. మొహంలో కోపం గీపం ఏమీ లేదు. చేలో మనిషి లేకపోతే ఎట్లా వెళ్తాడో అట్లాగే వెళ్ళాడు.

రెండో రోజూ అంతే. ఆరోజు చేతిలో ఆకు పొట్లం ఉంది, కాలవలో పట్టిన ఎండ్రకాయలు. చెంగమ్మ తాడు దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. ఆ పొట్లం ఆమె చేతిలో పెట్టాడు గానీ, అడుగు లోపల పెట్టలేదు. ఎండలోనే నిలబడ్డాడు.

"ఆయనకి డెబ్బై ఏళ్ళు. రమ్మను" అంది చెంగమ్మ మొగుడితో.

"రావద్దని నేనన్నానా? ఆ తాడు దాటలేడా? మేకపిల్ల దాటుద్ది" అన్నాడు తిరపాలు.

తర్వాత ఎప్పుడో తిరపాలే నాకు చెప్పాడు. ఆరోజు ఆ మాట పైకి అన్నాడు గానీ లోపల ఏదో గుచ్చుకుందట. మేకపిల్ల దాటే తాడును మనిషి దాటకుండా నిలబడితే, పడుకున్నవాడికి నిద్ర పట్టదట. లేచి కూర్చుని తడికె సందులో నుంచి ఆ మూడు కర్రల్నే చూశాడట. పాతింది తనే. అవి వాకిలి అని తనకు కూడా అంతవరకు తోచలేదట.

మూడో రోజు నేను వెళ్ళాను.

జనాభా లెక్కల ఏడాది అది. పంతుళ్ళ మీద పడింది ఆ పని. చంకలో కాగితాలు, చెవిలో పెన్సిలు. పది గుడిసెలు రాసుకున్నాను. పది గుడిసెల్లోకీ తిన్నగా పోయి కూర్చున్నాను. ఎవర్నీ అడగలేదు, అడగాలని తోచలేదు. నిజం చెప్పొద్దూ, అంతకు ముందురోజు పెద్దవీధిలో ప్రతి గడప దగ్గరా చెప్పులు విడిచి, గొంతు సవరించుకుని, పిలిచేదాకా నిలబడ్డవాణ్ణే నేను.

పదకొండో గుడిసె తిరపాలుది. తాడు దాటడానికి కాలెత్తాను. పక్కన ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎండ నెత్తి మీదకు వచ్చింది. చెమట కారుతోంది.

"ఏం అంకయ్యా, ఇక్కడ నిలబడ్డావు?" అన్నాను.

"ఇంటాయన ఇంకా రమ్మనలేదు పంతులుగారూ" అన్నాడు.

అంతే అన్నాడు. నన్ను ఆపలేదు, నా కాలు వైపు కూడా చూడలేదు. నేనే చూసుకున్నాను. ఎత్తిన కాలు గాల్లోనే ఉంది. ఎంత సిగ్గేసిందో ఇప్పుడు చెబితే అతిగా ఉంటుంది. కాలు మెల్లగా కిందికి దించాను, అంకయ్య పక్కనే.

ఏమని పిలవాలో వెంటనే తెలియలేదు. పెద్దవీధిలో ఎట్లా పిలిచానో అట్లాగే పిలిచాను.

"తిరపాలుగారూ! లోపలికి రావచ్చునా?"

గుడిసెలో ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. పక్క గుడిసెల ఆడవాళ్ళు పనులాపి చూస్తున్నారు. కాసేపటికి తిరపాలు బయటికొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి కట్టుకున్నాడు, ఒకసారి వదిలేశాడు. నన్ను చూశాడు, అంకయ్యను చూశాడు.

"రండి" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "రండి. రా మామా."

అప్పుడు అంకయ్య తాడు దాటాడు. పొయ్యి పక్కన ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుని, "గంజి ఉందా అమ్మా?" అన్నాడు. నేను నా లెక్క రాసుకున్నాను. ఇంటి యజమాని పేరు అన్నచోట తిరపాలు అని రాస్తుంటే, అతను నా పెన్సిలు వంకే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే తిరపాలు పార భుజాన వేసుకుని కామాక్షమ్మ చేను దగ్గరకు పోయాడు. గట్టు మొదట్లో ఆగాడు. కామాక్షమ్మ చేలోనే ఉంది. ఆమె మనుషులు గండి రెండుసార్లు పూడ్చారు. పైన మూసుకుంటోందే గానీ, కాస్త నీళ్ళు పెట్టి చూస్తే ఇంకో పక్క నుంచి ఊరిపోతున్నాయి. కలుగు లోపల ఎన్ని దారులున్నాయో తవ్వినవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? మూడు రోజుల్లో నీళ్ళ వంతు. ఆమె దిగులంతా అదే.

"అమ్మా!" అని కేకేశాడు తిరపాలు. మూడేళ్ళు వెంట తిరిగినా ఆ కేక అతను వేయడం అదే మొదలు. "గట్టు తెగ్గొట్టినోణ్ణి వచ్చుండా. తప్పు చేసినా. పూడ్చిపోతా. దిగమంటారా?"

కామాక్షమ్మ చూసింది. మొహం తిప్పుకుంది.

తిరపాలు నిలబడ్డాడు. కాసేపాగి ఇంకో కేక వేశాడు. జవాబు లేదు. ఎండెక్కింది. పార ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకు మారింది. ఆమె కలుపు చూసుకుంది, మనిషికి పని చెప్పింది, తుమ్మచెట్టు కింద కూర్చుని సద్దన్నం తింది. అతను గట్టు మొదట్లోనే ఉన్నాడు. గండి అతనికి పది అడుగుల దూరంలో ఉంది. దూరంగా కాలవ గట్టు మీద అంకయ్య చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. దగ్గరకు రాలేదు.

మధ్యాహ్నం దాటాక కామాక్షమ్మ చెయ్యి కడుక్కుని లేచింది.

"పూడ్చి పో. ఎలుకల మాట ఎత్తబాక" అంది.

తిరపాలు దిగాడు. గట్టును మళ్ళీ విప్పి, లోపల ఉన్న దారులు ఒక్కొక్కటీ వెతికి, గడ్డలు కూరి, తొక్కి, తడిమట్టి మెత్తి, అరచేత్తో తట్టాడు. తట్టి తట్టి చేతులు ఎర్రబడ్డాయి. పని సగంలో ఉండగా అతని పాదం మీదుగానే ఒక ఎలుక పరుగెత్తింది. బాగా మేసి బలిసిన ఎలుక. రెండు బారల దూరంలో కొత్త కలుగులోకి దూరి, లోపలి నుంచి మూతికి మట్టి పెట్టుకుంది. పార తిరపాలు చేతిలోనే ఉంది. ఇంట్లో కూరలేక రెండు రోజులైంది. ఆ పచ్చిమట్టి వైపు చూశాడు. మళ్ళీ గట్టు తట్టుకోసాగాడు.

పొద్దు వాలేవేళకు పని ముగించి కాలవ గట్టెక్కాడు.

"పెద్ద ఎలుకే గదా అది?" అన్నాడు అంకయ్య.

"పెద్దదే."

"మరి?"

"నేను అడిగింది గట్టుకే గదా మామా" అన్నాడు తిరపాలు.

అంకయ్య తన చుట్ట సగానికి తుంచి అతని చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

మూడు రోజులకు నీళ్ళ వంతు వచ్చింది. కామాక్షమ్మ చేలో నీళ్ళు నిలిచాయి. గట్టు ఒక్క బొట్టు కూడా వదల్లేదని ఆమె మనుషులే ఊళ్ళో చెప్పుకున్నారు. చేలు మాత్రం యానాదులకు ఇంకా తెరవలేదు. ఎలుకలు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

ఆ మర్నాడు పొద్దున నా లెక్కలో ఏదో తప్పు దొర్లిందని మళ్ళీ తిరపాలు గుడిసెకు వెళ్ళాను. పిలిచాక లోపలికి పోయి కూర్చున్నాను. అంకయ్య పొయ్యి పక్కన గంజి తాగుతున్నాడు. చెంగమ్మ చేట ముందు పెట్టుకుని నూకలు చెరుగుతోంది. గుప్పెడున్నాయేమో.

బయట చెప్పుల చప్పుడైంది. వచ్చింది కామాక్షమ్మ. తడికె సందులో నుంచి మా అందరికీ కనబడుతోంది. తాడు దగ్గరకొచ్చి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కాలెత్తింది.

కాలు ఎత్తినట్టే ఉంది. కాసేపటికి దించుకుంది, కర్రల అవతలే.

"తిరపాలూ!" అంది. గొంతులో గట్టిదనం అట్లాగే ఉంది గానీ, ఆ పిలుపు కొత్తది. "ఎలుకలు చేను తినేస్తా ఉండాయి. నీతో మాట్లాడాల. రావచ్చునా?"

గుడిసెలో చేట చప్పుడు ఆగింది. తిరపాలు, చెప్పమన్నట్టు గురువు వైపు చూశాడు.

అంకయ్య గంజి ఊదుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

"నన్ను చూస్తావేంది? అడిగింది నిన్ను, ఇంటాయనా."